ఒక గొంతు, ఒక పియానో
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏవైనా నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. డి.ఎ. బకాయిల గురించి చెప్పడానికి నాకన్నా సమర్థులున్నారు గనుక నేను విన్న ఒక కచేరీ గురించి మనవి చేస్తాను.

2019 చలికాలంలో లండన్‌లో ఉండగా మా అమ్మాయి నన్ను విగ్మోర్ హాలుకు తీసుకువెళ్ళింది. బెక్‌స్టైన్ అనే జర్మన్ పియానో కంపెనీవారు 1901లో కట్టించిన హాలు అది. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రుదేశపు ఆస్తి కింద వారి చేయి జారిపోయి, 1917లో ఇప్పటి పేరుతో మళ్ళీ తెరుచుకుంది. సుమారు 550 సీట్లు. వేదికమీద ఒక పియానో, అంతే. మైకు లేదు.

నేను చెవికి మిషను పెట్టుకునేవాణ్ణని మీకు తెలుసు. మన దగ్గర కచేరీలలో లౌడుస్పీకర్ల హోరు భరించలేక దాన్ని తీసి జేబులో వేసుకుంటాను. ఇక పాట ఏం వింటాను, పాడేవారి చేతులు చూస్తాను! అక్కడ మాత్రం గాయకుడు ఊపిరి పీల్చడం కూడా వినిపించింది.

ఆ రోజు పాడినది షూబర్ట్ 1827లో స్వరపరచిన 'వింటర్‌రైజె', అంటే శీతాకాల యాత్ర. విల్‌హెల్మ్ మ్యూలర్ అనే కవి రాసిన 24 పాటలు. ప్రేమ విఫలమైన ఒక యువకుడు మంచులో ఒంటరిగా నడిచిపోతాడు. షూబర్ట్ 1828లో, 31 ఏళ్ళకే కన్నుమూశాడు. ఈ పాటల రెండో భాగం అచ్చయినది ఆయన పోయిన తరువాతే.

మన కచేరీలో వయొలిన్ గాత్రాన్ని అనుసరిస్తుంది. ఇక్కడ పియానో అనుసరించదు, తన కథ తాను చెబుతుంది. దాని మెట్లమీద గమకం పలకదు, నిజమే; నాకు మొదట్లో ఆ వెలితి తెలిసింది కూడా. కానీ మొదటి పాటలో అడుగులు వినిపిస్తాయి. పదమూడో పాటలో తపాలా బండి కొమ్ము ఊదుతుంది. కుర్రవాడి గుండె ఎగిరిపడుతుంది, అతనికి ఉత్తరం ఉండదు. మనియార్డరుకోసం వీధి అరుగుమీద కూర్చున్నవారికి ఆ పాట వేరే విప్పి చెప్పనక్కరలేదు.

చివరి పాటలో ఊరి చివర ఒక ముసలివాడు. మంచుమీద ఒట్టికాళ్ళతో నిలబడి, చేత్తో తిప్పే వాద్యం వాయిస్తుంటాడు. పళ్ళెంలో పైసా పడదు, వినేవాడు ఉండడు, కుక్కలు గుర్రుమంటాయి. అయినా తిప్పుతూనే ఉంటాడు. అక్కడ పియానో ఎడమచేయి పాటంతా రెండే స్వరాలను పట్టుకుని ఉంటుంది. అవి ఏమిటనుకున్నారు? మన తంబూరా సా, పా! నా కళ్ళు చెమర్చాయి. పాట అయిపోయాక కొంతసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వచ్చే పుష్య బహుళ పంచమికి మనం త్యాగరాజ ఆరాధన కచేరీ తలపెట్టాము. పెద్ద సౌండు సిస్టం అద్దెకు తెద్దామని కొందరు మిత్రులు అంటున్నారు. మనకున్నది చిన్న హాలు, వచ్చేది నూరుమందికి లోపే. చెవి మందగించినవారిని ముందు వరుసల్లో కూర్చోబెట్టి, ఒక్కసారి మైకు లేకుండా పాడించి చూడండి. అక్కడ పాటల అర్థంతో సహా అచ్చువేసిన పుస్తకం ఇచ్చారు గనుక భాష తెలియని నేనూ కథ పట్టుకోగలిగాను. మనమూ కృతుల సాహిత్యాన్ని పెద్ద అక్షరాలలో అచ్చువేయించి పంచుదాం. ఆ కాగితాల ఖర్చు నాది. సెలవు.