పప్పు ఉడుకని నీళ్లు

మార్కాపురము, గిద్దలూరు, కంభము వైపు పల్లెలలో క్రొత్తగా బోరు వేసినప్పుడు ఇల్లాలు చేయు పరీక్ష ఒకటి కలదు. ఒక చెంబెడు నీరు పోసి కందిపప్పు పొయ్యిమీద పెట్టును. పప్పు మెత్తగా ఉడికినచో మంచినీళ్లనును. ఎంతసేపు కాగినను బద్ద బద్దగానే నిలిచినచో పెదవి విరుచును. ఈ పరీక్షలో శాస్త్రము కలదు. కొంత ప్రమాదమును కలదు. రెండింటిని గూర్చియు నేడు మనవి చేసెదను.

పప్పుబద్ద అసంఖ్యాకమైన కణముల కూర్పు. ప్రతి కణమునకు ఒక గోడ. ఒక గోడకును దాని ప్రక్కగోడకును నడుమ, ఇటుకల మధ్య అడుసువలె అంటిపెట్టుకొనియుండు పదార్థములో ముఖ్యమైనది పెక్టిన్. 1825లో ఫ్రెంచి రసాయనవేత్త బ్రాకొన్నో దీనిని వేరుచేసి, గడ్డకట్టినది అను అర్థముగల గ్రీకు పదమునుండి ఆ పేరు పెట్టెను. జామపండ్ల జెల్లీ గడ్డకట్టుట దీని మహిమయే. అడుసు కరగి కణములు విడిపోయినప్పుడే పప్పు ఉడికినదందుము.

దీని నిర్మాణము పూసల దండవంటిది. పాలలోని చక్కెరయందు గాలక్టోజు అను భాగము కలదు. గాలక్టోజు అణువులోని ఆరవ కర్బన పరమాణువు ఆమ్లరూపము దాల్చినచో గాలక్ట్యూరోనిక్ ఆమ్లమగును. ఇదియే మన పూస. ఇట్టి పూసలు వందలకొలది వరుసగా కూర్చబడి పెక్టిన్ గొలుసు ఏర్పడును. కొన్నిచోట్ల రామ్నోజు అను మరొక చక్కెర చేరి, అచ్చటినుండి కొమ్మలు బయలుదేరును. వాని సంగతి నేటికి విడిచిపెట్టుదము. పప్పు విషయమున మనకు కావలసినది తిన్నని భాగమే. అందలి ఆమ్లపు కొసలలో కొన్నిటికి మిథైల్ సమూహములు టోపీలవలె తగిలియుండును. టోపీ లేని కొసలకు ఋణ విద్యుదావేశముండును.

ఇక బోరునీటిలోని కాల్సియము ధనావేశములు రెండు కలది. అనగా రెండు చేతులు కలది. ఒక చేత ఒక గొలుసును, రెండవ చేత ప్రక్క గొలుసును పట్టుకొనును. 1973లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ఈ అమరికను కోడిగ్రుడ్ల అట్టతో పోల్చిరి. ముడుతలు పడిన రెండు గొలుసులు అట్టలు. నడిమి గుంటలలో కూర్చున్న కాల్సియము గ్రుడ్లు. ఇట్లు బిగిసిన గొలుసును వేడి అంత సులభముగా తెంపలేదు. బూడిదగుమ్మడి ముక్కలను సున్నపుతేటలో నానవేసినచో పాకములో చిదుకకుండుటకు కారణమును ఇదియే.

అట్టి నీటిని ముందుగా బాగుగా మరగకాచి, చల్లార్చి, పైతేటను వంచుకొనవలెను. కాల్సియములో కొంత సున్నపు పొరయై గిన్నె అడుగున దిగును. ఆ తేటలో చిటికెడు ఉప్పు వేసి పప్పు నానబెట్టినచో మరియు మేలు. ఉప్పులోని సోడియమునకు ఒకటే చేయి. అది కాల్సియమును కొంత తొలగించి తాను చేరును గాని రెండు గొలుసులను బంధింపజాలదు. వంటసోడా గొలుసును త్వరగా తెంపును, నిజమే. కాని బి1 విటమినును నశింపజేయును, రుచిని చెరచును. నాకది సమ్మతము కాదు. చింతపులుసు వంటి పులుపు గొలుసు తెగుటను ఆలస్యము చేయును. పప్పు ఉడికిన పిమ్మటనే పులుసు పోయవలెనని మన పెద్దలు చెప్పుట వట్టి ఆచారము కాదు.

ఇక ప్రమాదము మాట. 1937లోనే నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు, నీటిలోని ఫ్లోరైడువలన పండ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకొనిపోవు వ్యాధిని వైద్యులు వర్ణించిరి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు నాడు నెల్లూరు జిల్లాలోనివే. 1970లో అవియు, కర్నూలు జిల్లానుండి మార్కాపురము, గిద్దలూరులును ఒకే జిల్లాలో చేరినవి. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు. కాల్సియము మెండుగా నున్న నీటిలో అది ఎక్కువగా నిలువజాలదు. రెండును కలిసి అడుగునకు దిగును. కాల్సియము తక్కువై, సోడియము, బైకార్బొనేటు ఎక్కువైన నీటిలోనే తరచుగా అది హెచ్చుగా నుండును. చిత్రమేమనగా, పప్పు చక్కగా ఉడుకునది అట్టి నీటిలోనే! ఇల్లాలి పరీక్షలో నెగ్గిన బావి పిల్లల పండ్లను పాడుచేయవచ్చును. మరగకాచినను ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది దాని పాలు పెరుగును.

కావున పప్పు పరీక్ష వంటకే గాని త్రాగుటకు కాదు. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు ఆధారము లేనప్పుడు 1.5 వరకు అనుమతించిరి. పరీక్షకు పంపు నీటిని గాజుసీసాలో గాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, ఏ బావిదో, ఏ తేదీన పట్టినదో పైన వ్రాసి పంపవలెను. ప్రక్కప్రక్కనున్న రెండు బోర్ల నీళ్లయినను ఒకే తీరుగా నుండవు గనుక దేనిని దానికే వేరుగా పట్టవలయును.