గ్లాని భక్తిలోపం కాదు



మహాభారతంలోని శాంతిపర్వ ఘట్టం మీకు తెలిసినదే. యుద్ధానంతరం ధర్మరాజు ధర్మసందేహాలు తీర్చుకొనుటకు శరతల్పగతుడైన భీష్ముని సన్నిధికి వెళ్ళాడు. ఉపదేశింపుమని శ్రీకృష్ణుడు కోరగా పితామహుడు ఏమన్నాడు? బాణాల బాధచేత దేహం శిథిలమైనదనీ, బుద్ధి నిలువడం లేదనీ, మాట పెగలడం లేదనీ విన్నవించుకున్నాడు. ఇచ్ఛామరణ వరం పొందిన మహాత్మునికే గ్లాని తప్పలేదు! "ఇంతటివాడవు, ఓర్చుకోరాదా?" అని పరమాత్మ అన్నాడా? అనలేదు. మంట, మూర్ఛ, గ్లాని, ఆకలిదప్పులు బాధింపకుండా వరమిచ్చాడు. ముందు సేదతీర్చాడు, తరువాతనే పలికించాడు.

ఈ ఘట్టాన్ని ఎన్నో సభలలో చెప్పిన నేను నా యింట మరచిపోయాను. మా తమ్మునికి ఊపిరితిత్తుల క్యాన్సరు ముదిరిన దశలో బయటపడింది. కీమోథెరపీ ఆరంభించారు. మందు ఎక్కించిన తరువాత కొన్ని దినాలు మంచం దిగలేకపోయేవాడు. 50 ఏండ్లు సంధ్యావందనం తప్పనివాడు ఉద్ధరిణె కూడ ఎత్తలేకపోయాడు. "రాత్రంతా నిద్రించావు కదా, మనస్సు గట్టిచేసుకొని లే" అన్నాను. "అన్నయ్యా, ఇది బద్ధకం కాదు. నిద్ర లేచేసరికే అలసి ఉంటున్నాను" అన్నాడు. అతని కన్నులు చెమర్చాయి.

వైద్యుని అడిగితే వివరంగా చెప్పాడు. ఇది పనిచేసి అలసిన అలసట కాదు. విశ్రాంతితో పూర్తిగా తీరదు. వ్యాధియే ఒక కారణం. ఔషధం క్యాన్సరు కణాలతోపాటు ఎముకల మజ్జలో రక్తం తయారయ్యే పనినీ అణచివేస్తుంది. ఎఱ్ఱకణాలు తగ్గి రక్తహీనత కలుగవచ్చు. దెబ్బతిన్న ఊపిరితిత్తుల వలన ఆయాసం, అన్నం సహింపకపోవడం, నొప్పి, నిద్రలేమి, దిగులు తోడవుతాయి. వీటిలో కొన్నింటికి చికిత్స ఉన్నది. కనుక రోగి తన నీరసాన్ని దాచక వైద్యునికి చెప్పాలి.

మరి అనుష్ఠానం మాటేమిటి? శాస్త్రం తల్లివంటిది. స్నానం చేయలేని ఆతురునికి తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకొనుటను, మంత్రస్నానాన్ని, మానసస్నానాన్ని విధించింది. పూజకు బదులు మానసపూజ చూపింది. నీరు, పండ్లు, పాలు, ఔషధం వ్రతాన్ని చెఱుపవన్నది. చికిత్సాకాలంలో ఉపవాసాలు పెట్టుకోవద్దు.

ఇంటివారికి ఒక మనవి. రోగికి ఏ వేళ ఓపిక ఉంటుందో గమనించి ముఖ్యమైన పని ఆ వేళకు ఉంచండి. మిగిలినవి మీరు చేయండి. వైద్యుడు అంగీకరిస్తే రోజూ నాలుగడుగులు నడిపించండి. పూర్తిగా మంచాన ఉంటే కండలు క్షీణించి నీరసం పెరుగుతుంది. జ్వరం వచ్చినా, ఆయాసం హఠాత్తుగా పెరిగినా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపొండి. పరామర్శకు వెళ్ళేవారు త్వరగా లేవండి. "కర్మఫలం" అన్న మాట అక్కడ అనకండి.

మరునాటినుండి నేనే తమ్ముని మంచం ప్రక్కన కూర్చుండి విష్ణుసహస్రనామ పారాయణ చేశాను. అదీ భీష్ముడు శరతల్పం మీదనుండి లోకానికిచ్చినదే కదా! కొన్ని దినాలు తమ్ముని పెదవులు కదిలేవి. కొన్ని దినాలు కదిలేవి కావు. స్వామికి రెండూ ఒకటే. శక్తి గలవాడు చదవాలి. లేనివాడు వింటే చాలు. వినడానికీ ఓపిక లేనినాడు, ప్రక్కనున్న మనం అతని చేయి పట్టుకొని కూర్చుంటే అదే సేవ.

స్వస్తి.