సుషిర వాద్యాలు – గాలి పలికే తీరు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



లంజిపల్లిలో తెలుగువారి పెళ్ళిపందిట మ్రోగేది సన్నాయి. బరంపురం ఠాకురాణీ యాత్రలో మ్రోగేది మొహురి. ఒకటి తెలుగువారిదనీ, మరొకటి ఒడియావారిదనీ లోకం వాడుక. శాస్త్రదృష్టితో చూస్తే ఈ రెండూ తోబుట్టువులు.

నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు వాద్యవిభాగాలలో సుషిరం ఒకటి. సుషిరమనగా రంధ్రం. వీటిలో పలికేది కర్ర కాదు, గొట్టంలోని గాలి. రంధ్రాలపై వ్రేళ్ళు తీసినకొద్దీ కంపించే గాలిస్తంభం పొట్టిదై, స్వరం హెచ్చుతుంది.

భేదమంతా రెండు విషయాలలో ఉంది. మొదటిది కంపనం పుట్టే విధం. వేణువులో పెదవుల నుండి వెలువడిన గాలి రంధ్రపు అంచును తాకి లోపలికీ వెలుపలికీ ఊగుతుంది. క్లారినెట్‌లో రెల్లుతో చేసిన ఒంటి పలక అదురుతుంది. సన్నాయి, నాదస్వరం, మొహురి, పాశ్చాత్యుల ఓబోలలో జంటపలకల పీక పలుకుతుంది.

రెండవది గొట్టపు ఆకృతి. పాశ్చాత్యుల ఫ్లూటు, క్లారినెట్ ఇంచుమించు ఒకే పొడవు. అయినను క్లారినెట్ దాదాపు ఒక స్థాయి క్రిందికి పలుకుతుంది. ఫ్లూటు రెండు కొనలా తెరచిన గొట్టం. క్లారినెట్ ఊదేవైపు మూసిన గొట్టంవలె ప్రవర్తిస్తుంది. వ్రేళ్ళు కదపక గాలి ఒత్తిడి పెంచితే, వేణువులో షడ్జం తారాస్థాయి షడ్జమవుతుంది. క్లారినెట్ దానినీ దాటి తారాస్థాయి పంచమానికి చేరుతుంది. సన్నాయి కూడా ఊదేవైపు మూసినదే గాని, క్రమంగా వెడల్పయ్యే గొట్టం కావడంచేత వేణువు మార్గాన్నే అనుసరిస్తుంది.

1846లో అడాల్ఫ్ సాక్స్ పేటెంటు పొందిన శాక్సఫోన్ ఇత్తడిదే. అయినా అందులో అదిరేది రెల్లు పలక కనుక దానిని కర్రవాద్యాల కోవలోనే చేర్చారు. వాద్యానికి కులం నిర్ణయించేది దేహం కాదు, ఊపిరి.

మనుషుల విషయమూ అంతే. ప్రకాశం జిల్లా కరవదిలో మహమ్మదీయ కుటుంబాన జన్మించిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వర విద్వాంసునిగా 1998లో సంగీత కళానిధి బిరుదు పొందారు.

వాద్యం మంగళకరమని పిలిచి, వాద్యకారుని పందిరి చివర కూర్చుండబెట్టే అలవాటు నేటికీ పూర్తిగా పోలేదు. ఈ పాఠశాల బాలబాలికలు సన్నాయి గాని, మొహురి గాని వినబడినప్పుడు ఆయన దగ్గరకు వెళ్ళి, పీక ఎలా పలుకుతుందో వినయంగా అడగాలి. ఆ ఒక్క ప్రశ్నలో భౌతికశాస్త్రమూ ఉంది, మర్యాదా ఉంది. విద్యాలయం నేర్పవలసినవి ఆ రెండే.