పొడి అక్షరాల వెనుక పూర్తి మాటలు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ను కాను, బీమా కంపెనీ మనిషిని కూడా కాను. షోలాపూర్‌లో తువ్వాళ్ల మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి. కొన్నేళ్లుగా మా వాడలో మనోళ్లకు ఫారాలు నింపిపెట్టడం, కార్డుల పని చూసిపెట్టడం చేస్తున్నాను. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు చెప్తాను.

కొన్నేళ్ల కింద మా వాడలో ఒక అక్క భర్తకు రాత్రిపూట గుండెనొప్పి వచ్చింది. ఆ అక్క ప్లాస్టిక్ కవర్లో ఉన్న కార్డులన్నీ పట్టుకుని దవాఖానకు ఉరికింది. అందులో ఆధార్ ఉంది. బ్యాంకు పాస్‌బుక్ ఉంది, దాంట్లో బీమా కింద డబ్బు కోసినట్టు ఒక వరుస ఉంది. ఎప్పుడో తీసుకున్న పాత బీమా స్మార్ట్ కార్డు ఉంది. కౌంటర్ దగ్గర అన్నీ చూసి, వీటితో కాదమ్మా అన్నారు. పుస్తెలతాడు కుదువ పెట్టి వైద్యం చేయించింది. మనిషి బతికాడు, అప్పు మాత్రం రెండేళ్లు నడిచింది. "ఇన్ని కార్డులు తీసుకపోయిన, ఒక్కటీ పనికి రాలేదు తమ్మీ" అని నా దగ్గర ఏడ్చింది.

తర్వాత కూర్చుని చూస్తే తెలిసింది. ఆ రోజు పనికొచ్చే కార్డు వాళ్లింట్లోనే, బియ్యం డబ్బా మీద ఉంది. పసుపు రంగు రేషన్ కార్డు. మహారాష్ట్ర ప్రభుత్వ పథకానికి ఆ కార్డు, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చాలు. ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు.

అందుకే చెప్తున్నాను. ఈ ఇంగ్లీషు పొడి అక్షరాలు చూసి భయపడొద్దు. ఏది కనబడినా ఒక్కటే అడగండి: ఇది దేనికి డబ్బు ఇస్తుంది? ఆ జవాబును బట్టి మన కార్డులు నాలుగు కుప్పలవుతాయి.

మొదటి కుప్ప: దవాఖానలో చేరితే ఖర్చు భరించేవి

ఇందులో పెద్దది పీఎం-జేఏవై. ప్రధానమంత్రి జన్ ఆరోగ్య యోజన. ముందు "ఏబీ" అని ఉంటే ఆయుష్మాన్ భారత్. 2018 సెప్టెంబర్ 23న రాంచీలో మొదలైంది. ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం. ఈ 5 లక్షలు మనిషికి కాదు, ఇంటి మొత్తానికి. ఇంట్లో ఎంతమంది ఉన్నా పరిమితి లేదు. పాత జబ్బు ఉందని తోసెయ్యరు. చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి పంపాక 15 రోజుల మందుల ఖర్చు కూడా ప్యాకేజీలోదే. అయితే దవాఖానలో చేరితేనే ఇది వర్తిస్తుంది. ఓపీడీ అంటే చీటీ రాయించుకుని మందులు తెచ్చుకునే వైద్యం. రోజూ వేసుకునే బీపీ, షుగర్ గోలీలకు ఇది రాదు.

"పక్కింటోళ్లకు వచ్చింది, మాకెందుకు రాలేదు?" అని అందరూ అడుగుతారు. దానికి కారణం ఎస్‌ఈసీసీ, అంటే 2011లో జరిగిన సామాజిక, ఆర్థిక, కుల గణన. కేంద్రం మొదటి జాబితా దాని నుంచే తీసింది. అందులో పేరు లేనివాళ్లకు చాలా రాష్ట్రాలు తమ పథకాలతో చోటిచ్చాయి. కాబట్టి ఒకచోట పేరు లేదంటే వదిలెయ్యొద్దు, రాష్ట్ర పథకం అడగండి.

ఇంట్లో 70 ఏళ్లు నిండిన పెద్దలుంటే 2024 అక్టోబర్ నుంచి ఆదాయంతో పని లేదు. వాళ్లకు ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు. ఇంటి కార్డు ముందే ఉన్నా, పెద్దల కోసం 5 లక్షలు వేరుగా ఉంటుంది. ఈ సభలో ఉన్న తాతలు, అమ్మమ్మలు ఇది తప్పక చేయించుకోవాలి.

ఇక రాష్ట్రాల పేర్లు. మా మహారాష్ట్రలో ఎంజేపీజేఏవై, మహాత్మా జ్యోతిరావ్ ఫూలే జన్ ఆరోగ్య యోజన. ఇది 2012లో రాజీవ్ గాంధీ పేరుతో, ఆర్‌జీజేఏవైగా ముందు ఎనిమిది జిల్లాల్లో మొదలైంది. వాటిలో షోలాపూర్ ఒకటి. 2017లో పేరు మారింది. తమిళనాడులో సీఎంసీహెచ్‌ఐఎస్, అంటే ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం. కర్ణాటకలో ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక, పొట్టిగా ఏబీ-ఆర్క్. ఒడిశాలో 2018 నుంచి ఉన్న బీఎస్‌కేవై, అంటే బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన, పోయి 2025లో ఆయుష్మాన్ భారత్‌తో కలిసి గోపబంధు జన్ ఆరోగ్య యోజన వచ్చింది. బరంపురం నుంచి వచ్చినవాళ్లు పాత కార్డు పేరు చెప్పి తికమక పడొద్దు.

యానాం అన్నలకు ఒక మాట. మీది పుదుచ్చేరి, పెద్ద దవాఖానలేమో కాకినాడలో. ఇట్లాంటి చోట "పోర్టబిలిటీ" అనే మాట గుర్తుంచుకోవాలి. పీఎం-జేఏవై కార్డు వేరే రాష్ట్రంలో కూడా, ఆ పథకంలో నమోదైన దవాఖానలో చెల్లుతుంది. రాష్ట్రం సొంతంగా ఇచ్చినదానికి ఆ రాష్ట్రం నియమాలే వర్తిస్తాయి. బిడ్డ కాన్పుకో, ఆపరేషన్‌కో సరిహద్దు దాటే ముందే అడగండి.

రెండో కుప్ప: జీతంలోంచి కోసేది

ఈఎస్‌ఐ. ఎంప్లాయీస్ స్టేట్ ఇన్సూరెన్స్. 1948 చట్టంతో పుట్టింది. 10 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే కార్ఖానాల్లో, నెల జీతం 21,000 దాటనివాళ్లకు. 2019 జులై నుంచి కార్మికుడి వాటా నూటికి 75 పైసలు, యజమాని వాటా 3 రూపాయల 25 పైసలు. 12,000 జీతానికి మీ చేతి నుంచి 90 రూపాయలు, సేఠ్ చేతి నుంచి 390. దీంట్లో ఓపీడీ మందులు కూడా వస్తాయి, ఇంట్లోవాళ్లకూ వైద్యం ఉంటుంది. చందా రోజులు నిండి ఉంటే, జబ్బుతో పనికి పోలేని రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. జీతం చీటీలో ఈఎస్‌ఐ కోత కనబడితే "నా ఐపీ నంబరు ఎంత?" అని అడగండి. ఐపీ అంటే ఇన్సూర్డ్ పర్సన్. కోత ఉండి నంబరు లేకపోతే ఆ డబ్బు ఎక్కడికి పోతున్నదో అడిగే హక్కు మీది.

ఇంట్లో సొంత మగ్గం మీద నేసుకునేవాళ్లకు కోసే సేఠ్ లేడు, ఈఎస్‌ఐ లేదు. వాళ్లకు ఆధారం మొదటి కుప్పే.

మూడో కుప్ప: పోయాక వచ్చేవి

పీఎంజేజేబీవై జీవన్ జ్యోతి, పీఎంఎస్‌బీవై సురక్ష. పాస్‌బుక్‌లో ఏడాదికి 436 రూపాయలు పోతే మొదటిది, 20 రూపాయలు పోతే రెండోది. మొదటిది ఏ కారణంతో చనిపోయినా ఇంట్లోవాళ్లకు 2 లక్షలు. రెండోది ప్రమాదంలో చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా. రెండూ మంచివే, ఉంచుకోండి. కానీ దవాఖాన కౌంటర్లో ఇవి పనికిరావు. మా అక్క పాస్‌బుక్‌లో ఉన్నది ఇదే.

నాలుగో కుప్ప: డబ్బు ఇవ్వనివి

ఆభా కార్డు. తెలుగులో ఆభ అంటే వెలుగు. ఇది మాత్రం ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్. 14 అంకెల నంబరు. మీ రిపోర్టులు, చీటీలు ఒకచోట దాచుకునే ఖాతా మాత్రమే. పేరులో ఆయుష్మాన్ ఉంది కదా అని 5 లక్షల కార్డనుకోవద్దు. ఈ పొరపాటు చదువుకున్నవాళ్లు కూడా చేస్తున్నారు.

ఈ కుప్పలోనే పాత కార్డులు కూడా. 2005లో చేనేతవాళ్ల కోసం వచ్చిన హెచ్‌ఐఎస్, 2008లో ఇంటికి 30,000 దాకా ఇచ్చిన ఆర్‌ఎస్‌బీవై. వాటి కాలం అయిపోయింది. అక్క కవర్లో ఉన్న స్మార్ట్ కార్డు అదే.

కౌంటర్ దగ్గర వినబడే మాటలు

దవాఖానలో ముందు "ఆరోగ్య మిత్ర" ఎక్కడ అని అడగండి. కార్డు చూసి దారి చెప్పే మనిషి. "ప్రీ-ఆథ్" అంటే వైద్యానికి ముందు తీసుకునే అనుమతి. "టీపీఏ" అంటే బీమా తరఫున కాగితాలు పరిశీలించే మధ్య సంస్థ. పీఎం-జేఏవై గురించి ఏ సందేహమున్నా 14555కు ఫోన్ చేయొచ్చు, పైసా ఖర్చు లేదు.

చివరిది "కేవైసీ", అంటే మీరు మీరేనని రుజువు చేయడం. మనోళ్లకు ఎక్కువ తిప్పలు ఇక్కడే. తెలుగు దేశంలో ఇంటిపేరు ముందు రాస్తారు. మహారాష్ట్రలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు. తమిళనాడులో ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరులో మొదటి అక్షరం ఒక్కటే. కరీంనగర్ వైపు నుంచి కోడలు వస్తే ఆధార్‌లో పుట్టింటి పేరు, రేషన్ కార్డులో అత్తింటి పేరు. లక్ష్మి అనే పేరే ఇంగ్లీషులో ఒక కాగితం మీద కే, ఎస్ అక్షరాలతో, ఇంకోదాంట్లో ఎక్స్ అక్షరంతో ఉంటుంది. జెకార్డ్ అట్టలో ఒక్క చిల్లు తప్పితే అంచు మీద నెమలి మెడ తెగుతుందని మనకు తెలుసు. కంప్యూటర్‌కూ అంతే. పేరు సరిచేయించుకునే పని ఒంట్లో బాగున్నప్పుడే చేయాలి. మనిషి స్ట్రెచర్ మీద ఉన్నప్పుడు ఆ పని కాదు.

ఇంటికి పోయాక ఒక పని చేయండి. కార్డుల కవరు బయటికి తీసి నాలుగు కుప్పలు పెట్టండి. మొదటి కుప్పను వేరే కవర్లో, రేషన్ కార్డు, ఆధార్ నకలుతో కలిపి పెట్టి, పైన "దవాఖాన" అని పెద్దగా రాయండి. పిల్లలకు తెలుగు చదవడం రాకపోతే మరాఠీలోనో, తమిళంలోనో, కన్నడలోనో, ఒడియాలోనో రాయండి. అర్ధరాత్రి ఆ కవరు పట్టుకుని ఉరికేది పిల్లలే.

ఆ అక్క ఇప్పుడు మా వాడలో ఇల్లిల్లూ తిరిగి "మీ పసుపు కార్డు ఎక్కడ పెట్టినవ్?" అని అడుగుతుంది. ప్రతి ఊళ్లో అట్లాంటి మనిషి ఒక్కరుండాలని నా కోరిక.