ఒక కారు, డెబ్భై ఏళ్ల వంశచరిత్ర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ వృత్తి గురించి పావుగంట మాట్లాడు, పిల్లలకు అర్థం కావాలి" అని మన సంఘం కార్యదర్శి ఆదేశించారు. ముప్ఫై ఏళ్లుగా నా పని కార్ల ఇంజన్లతోనే. అందుకని ఒక కారు వంశచరిత్ర చెబుతాను. ఆ కారు నా దగ్గర లేదు, కొనే ఉద్దేశమూ లేదు. దాని ఖరీదుకి మన ఊళ్లో ఇల్లూ పొలమూ కొన్నా ఇంకా డబ్బు మిగులుతుంది. కాని మాలాంటి వాళ్లకు అది మంచి పాఠ్యపుస్తకం. దాని పేరు బెంట్లీ కాంటినెంటల్.

ఇలాంటి కార్లను గ్రాండ్ టూరర్ అంటారు. పందెం కారు వేగంగా వెళుతుంది, కాని గంట కూర్చుంటే నడుము పట్టేస్తుంది. పెద్ద సెలూన్ సుఖంగా ఉంటుంది, కాని వేగం పెరిగితే తూలుతుంది. గ్రాండ్ టూరర్ ఈ రెండు పనులూ చెయ్యాలి. పారిస్‌లో పొద్దున్నే బయల్దేరి, సుమారు 930 కిలోమీటర్లు నడిపి, సాయంత్రానికి నీస్‌లో దిగితే, దిగిన మనిషి హాయిగా భోజనానికి వెళ్లగలగాలి. సామాన్లు కూడా అందులోనే పట్టాలి. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

బెంట్లీ కంపెనీ 1919లో పుట్టింది. 1931లో రోల్స్ రాయిస్ దాన్ని కొనేసింది. యుద్ధం ముగిశాక, 1950 ప్రాంతంలో, ఐవాన్ ఎవర్న్‌డెన్ అనే ఇంజనీరు, జాన్ బ్లాచ్‌లీ అనే డిజైనరు కలిసి ఒక వేగవంతమైన కారు తలపెట్టారు. కొత్త ఇంజన్ తయారుచేసే వెసులుబాటు లేదు. చేతిలో ఉన్నది మామూలు సెలూన్‌లోని ఆరు సిలిండర్ల, నాలుగున్నర లీటర్ల ఇంజన్. ఆ సెలూన్ వేగం గంటకు 160 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే.

ఇక్కడ మన ఫిజికల్ సైన్స్ మాస్టారు చెప్పిన పాఠం పనికొస్తుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డుకునే బలం నాలుగు రెట్లవుతుంది. ఆ వేగం నిలబెట్టడానికి కావలసిన ఇంజన్ సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది. ఇంజన్ బలం పెంచలేనివాడు గాలి అడ్డు తగ్గించుకోవాలి. రోల్స్ రాయిస్ విమానాల ఇంజన్లు కూడా చేసేది కాబట్టి హక్‌నాల్‌లో వాళ్లకు విండ్ టన్నెల్ ఉంది. అందులో చిన్న నమూనాలు పెట్టి ఆకారాన్ని తీర్చారు. రేడియేటర్ కొంచెం దించారు, పైకప్పును వెనక్కి ఏటవాలుగా జార్చారు. వేగంలో కారు పక్కకు లాగకుండా వెనక చిన్న రెక్కల్లాంటివి పెట్టారు.

రెండో చిక్కు టైర్లది. అంత బరువైన కారు అంత వేగంతో పోతే ఆనాటి టైర్లు తట్టుకోలేవు. అందుకని బాడీ రేకులు, అద్దాల ఫ్రేములు, సీట్ల ఫ్రేములు, బంపర్లు అన్నీ అల్యూమినియం లోహాలతో చేయించి బరువును సుమారు 1,700 కిలోలకు దించారు. నమూనా కారు పారిస్ దగ్గరి మాంట్లెరీ ట్రాక్ మీద గంటకు సుమారు 190 కిలోమీటర్ల సగటు వేగంతో తిరిగింది. 1952 నుంచి 1955 దాకా తయారైనవి, నమూనాతో కలిపి, 208 కార్లే. మొదటి తరం వాళ్లు తీసివేతతో లెక్క చేశారన్నమాట.

ఆ తరువాత కొనేవాళ్లు మెత్తటి సీట్లు, ఆటోమేటిక్ గేరు అడిగారు. బరువు పెరిగింది, ఇంజనూ పెరిగింది. 1959లో 6.2 లీటర్ల అల్యూమినియం వి-8 వచ్చింది. ఆ ఇంజన్ వంశం ఎన్నో మార్పులతో 2020 దాకా బెంట్లీలో తయారవుతూనే ఉంది. అరవై ఏళ్లు బతికిన ఇంజన్ అంటే మా రంగంలో శతాయుష్షు కింద లెక్క.

1965లో వంశం తెగినంత పనైంది. అంతవరకు కంపెనీ ఛాసిస్ ఇస్తే, దాని మీద బాడీని వేరే వర్క్‌షాపు కట్టేది. కాంటినెంటల్ అందం అలా వచ్చిందే. కొత్త కారులో ఛాసిస్, బాడీ ఒకటే ముద్దగా వచ్చాయి. ఇక విడిగా బాడీ కట్టే వీలు పోయింది, కాంటినెంటల్ పేరూ పోయింది. మిగిలిన బెంట్లీలకు, రోల్స్ రాయిస్‌లకు ముందున్న గ్రిల్లు, బ్యాడ్జీలే ముఖ్యమైన తేడా. 1984లో అప్పటికే అమ్ముతున్న ఒక ఓపెన్ టాప్ కారుకు కాంటినెంటల్ అని పేరు మార్చారు. పేరు తిరిగొచ్చింది కాని పని తిరిగి రాలేదు.

పని తిరిగొచ్చింది 1991లో, కాంటినెంటల్ ఆర్‌తో. పాత వి-8 ఇప్పుడు 6.75 లీటర్లు, దానికి టర్బో. పాతికేళ్ల తరువాత రోల్స్ రాయిస్‌తో పంచుకోని సొంత బాడీ దక్కింది. 1998లో కంపెనీ ఫోక్స్‌వాగన్ చేతికి వెళ్లింది. 2003లో కాంటినెంటల్ జీటీ వచ్చింది. దీనికి పన్నెండు సిలిండర్ల డబ్ల్యూ-12 ఇంజన్, రెండు టర్బోలు, నాలుగు చక్రాలకూ శక్తి, గంటకు 318 కిలోమీటర్ల గరిష్ఠ వేగం. ఏడాదికి వెయ్యి కార్ల లెక్కలో అమ్మిన కంపెనీ 2007లో పది వేలు దాటింది. ఇవి కూడికతో చేసిన లెక్కలు. కారు బరువు 2,300 కిలోలు దాటిపోయింది.

2011 తరంలో ముందు మడ్‌గార్డులను అల్యూమినియం రేకును దాదాపు 500 డిగ్రీలకు వేడిచేసి, గాలి ఒత్తిడితో అచ్చులోకి ఊది తయారుచేశారు. 2018 తరంలో ముందు చక్రాలను 135 మిల్లీమీటర్లు ముందుకు జరిపారు. దాంతో ముక్కు మీది భారం తగ్గి కారు మలుపులు బాగా తిరిగింది. 2024లో లక్షకు పైగా తయారైన డబ్ల్యూ-12కు సెలవిచ్చారు. ఇప్పుడు నాలుగు లీటర్ల వి-8, దానికి తోడు ఎలక్ట్రిక్ మోటారు, 25.9 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. రెండూ కలిస్తే 782 హార్స్‌పవర్, గంటకు 335 కిలోమీటర్లు. పెట్రోలు ముట్టకుండా దాదాపు 80 కిలోమీటర్లు వెళుతుంది. బరువు 2,459 కిలోలు.

పిల్లలూ, ఇంటికెళ్లాక ఒక లెక్క చెయ్యండి. 1952 కారు 190 వేగంలో ఉన్నప్పుడు, 2024 కారు 335 వేగంలో ఉన్నప్పుడు గతిశక్తి ఎంతెంత? సుమారు నాలుగున్నర రెట్ల తేడా వస్తుంది. ఆపాల్సి వస్తే ఆ శక్తినంతా మింగాల్సింది బ్రేకులే. వేగం గురించి గొప్పలు చెప్పే ప్రకటనల్లో ఈ లెక్క కనిపించదు.

ఈ డెబ్భై రెండేళ్లలో ఇంజన్ మారింది, గేరు మారింది, యజమానులు మారారు, బాడీ చేసే పద్ధతి మారింది. 1952 కారులోని ఒక్క బోల్టు కూడా ఇప్పటి కారుకు సరిపోదు. అయినా అది ఆ వంశానిదే అని ఒప్పుకుంటాం. ఎందుకంటే నీస్ దాకా వెళ్లి హాయిగా దిగాలన్న పని మారలేదు. ఆ పనిని వదిలేసి పేరును మాత్రం అంటించుకున్న రోజుల్లోనే వంశం చిక్కిపోయింది.

ఇది నాకు చదువుకున్న పాఠం మాత్రమే అయితే ఇంత సేపు చెప్పేవాణ్ణి కాదు. నేను పనిచేసే చోట ఇంజన్లు పరీక్షించే గదులు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. వాటిలో బ్యాటరీ పరీక్షలు మొదలయ్యాయి. నా కింద పనిచేసే కుర్రాళ్లు "సార్, మా సంగతేంటి?" అని అడుగుతున్నారు. "మన పని ఇంజన్ చెయ్యడమే అనుకుంటే అయిపోయినట్టే. మనుషుల్ని క్షేమంగా, తక్కువ ఖర్చుతో గమ్యం చేర్చడం అనుకుంటే ఇంకా చాలా ఉంది" అని చెబుతున్నాను. చెప్పి ఊరుకోలేదు. యాభై దాటాక మోటార్ల పాఠాలు మొదటి పేజీ నుంచి చదువుతున్నాను.

చివరగా మన సంఘం పెద్దలకు ఒక మనవి. స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర పెద్ద తోరణం కట్టాలని ఒక ఆలోచన, సైన్సు ల్యాబు బాగుచెయ్యాలని ఇంకో ఆలోచన ఉన్నాయి. తోరణం కోరేవాళ్ల అభిమానాన్ని నేను తక్కువ చెయ్యను. పేరు అందంగా కనబడాలని ఎవరికుండదు? కాని మన పెంకుటింటి తరగతులు ఎప్పుడో పోయాయి, బల్లలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి. మారనిది ఒకటే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎవరి పిల్లలొచ్చినా తన చేత్తో చేసి చూసి నేర్చుకునే అవకాశం ఇక్కడ దొరికేది. వెర్నియర్ కాలిపర్స్ మొదటిసారి నా చేతికిచ్చింది ఈ బడే. ఇవాళ ఆ ల్యాబులో పిల్లలు పరికరాలను అద్దాల బీరువాలోంచి చూసి వెళ్తున్నారని మాస్టార్లే చెప్పారు. నా వాటా నేను ల్యాబుకే ఇస్తున్నాను. సెలవుల్లో వారం రోజులు వచ్చి ఆ పరికరాలు బాగుచేసే పని కూడా నాదే. ఇంకో ఇద్దరు ఇంజనీర్లు, ఒక ఎలక్ట్రీషియన్ తోడొస్తే చాలు. సభ అయ్యాక నన్ను కలవండి.