విత్తు నుంచి పాదు దాకా
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ పాఠాలు చెప్పుకునే మాస్టరుకు కూరగాయల నారుతో ఏం పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. పని ఉన్నది. మన సంఘం దిక్కులేని ఇండ్లకు బియ్యం ఇస్తున్నది, పిల్లలకు పుస్తకాలు ఇస్తున్నది. చాలా మంచి పని. కాని ఇచ్చిన బియ్యం నెలకు అయిపోతుంది, నేర్పిన పని అయిపోదు. కావున ఈ రోజు విత్తనం గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను.

మన ప్రాంతానికి నీళ్ల కరువు ఒకప్పటి మాట. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత మిర్యాలగూడ, కోదాడ వైపు ఎటు చూసినా వరి పొలమే. సూర్యాపేట పక్కన మూసీ ప్రాజెక్టు ఉన్నది. అయితే వరి పండించడానికి భూమి కావాలి. మనలో చాలామందికి భూమి లేదు. రైసు మిల్లులో కూలి, చిన్న దుకాణం, మెకానిక్ షెడ్డు, ఇవే మన ఆధారాలు. కాని ఇంటి వెనుక నాలుగు గజాల జాగా, లేకుంటే మేడ మీద ఇంత ఎండ చాలామందికి ఉన్నది. కూరగాయలకు అది చాలు.

మా మొహల్లాలో ఒక ఖాలా ఉన్నది. భర్త పోయాడు, ముగ్గురు పిల్లలు. కిందటి ఎండాకాలం బజారులో గుమ్మడి, కాకర విత్తనాలు కొని ఇంటి వెనుక పెట్టింది. పది గింజలకు రెండు మొలిచాయి. అవి కూడా వంగి పడిపోయాయి. “మాస్టరు సాబ్, నా చేతికి హస్తవాసి లేదు, బర్కత్ లేదు” అని ఊరుకుంది. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. తప్పు ఆమె చేతిలో లేదు. ఆ విత్తనం పాతది. ఆ మొక్కలు పడిపోయింది నిలిచిన నీళ్ల వల్ల.

అందుకని మొదటి మాట ఇది. ఏ విత్తనం కొన్నా నేలలో పెట్టే ముందు పరీక్ష చేయండి. పది గింజలు తడి గుడ్డలో చుట్టి, ఆరిపోకుండా వారం రోజులు నీడలో ఉంచండి. ఎనిమిది మొలిస్తే మంచి విత్తనం. అయిదే మొలిస్తే చోటుకు రెండు గింజలు పెట్టాలి. రెండే మొలిస్తే ఆ పొట్లం పారేయండి, మీ నసీబును తిట్టుకోకండి. పొడిగా దాచిన గుమ్మడి విత్తనం మూడు నాలుగేండ్లు ఉంటుంది. ఉల్లి విత్తనం మాత్రం ఏడాది దాటితే బలం తగ్గుతుంది. పొట్లం మీద తారీఖు చదవడం పిల్లలకు నేర్పండి. చదువు అందుకే కదా!

రెండవది, అన్ని నారులూ ఒకటి కావు. టమాట, వంకాయ, మిరప నారు పీకి నాటితే వేరు కొంత తెగినా మళ్లీ పుడుతుంది. గుమ్మడి, ఆనప, బీర, కాకర అట్లా కాదు. వాటి వేరు కదిలిస్తే మొక్క కుంగిపోతుంది. కనుక ఈ తీగ జాతుల్ని పాదులోనే పెట్టాలి, లేదా పాల ప్యాకెట్టులో పెంచి మట్టి గడ్డతో సహా దించాలి. ప్యాకెట్టు కడిగి, అడుగున నాలుగు చిల్లులు పెట్టండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి నింపండి. గుమ్మడి గింజలు రాత్రంతా నానబెట్టి, అంగుళం లోతున రెండేసి పెట్టండి. వారం లోపల మొలకెత్తుతాయి. బలమైన దాన్ని ఉంచి రెండోదాన్ని కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

మొదట వచ్చే రెండు మందపాటి ఆకులు గింజలోనివే. వాటి తర్వాత గరుకు ఆకులు రెండు మూడు వచ్చేసరికి, అనగా పదిహేను ఇరవై రోజులకు, నాటవచ్చు. ఇంకా ఆలస్యం చేస్తే వేరు ప్యాకెట్టులో చుట్టుకుపోతుంది.

టమాట, వంకాయ, మిరపకు నారుమడి జానెడు ఎత్తుగా పోయండి. నీరు నిలిస్తే నారుకుళ్లు తెగులు వచ్చి మొలక మొదలు దగ్గర మెత్తబడి ఒరిగిపోతుంది. ఖాలా మొక్కలకు అయింది ఇదే. విత్తనం పలుచగా చల్లాలి, నీరు ఉదయం పూట పోయాలి. ట్రైకోడెర్మా విరిడి పొడి విత్తనానికి పట్టిస్తే ఈ తెగులు తగ్గుతుంది. టమాట నారు 25 నుంచి 30 రోజులకు, వంకాయ 30 నుంచి 35 రోజులకు, మిరప ఆరు వారాలకు నాటడానికి వస్తుంది.

నాటే ముందు వారం రోజులు నీరు తగ్గించి, ఎండకు కొంచెం కొంచెం అలవాటు చేయండి. నీడలో గారాబంగా పెరిగిన నారును ఒక్కసారి మన ఎండలో పెడితే మాడిపోతుంది. పిల్లల పెంపకం కూడా ఇంతే కదా! నాటే రోజు మాత్రం ముందుగా తడిపి, సాయంత్రం పూట నాటండి. టమాటను కొంచెం లోతుగా పెడితే కాండానికి కూడా వేర్లు వస్తాయి. గుమ్మడిని మటుకు ఉన్న మట్టానికే పెట్టాలి. మొదలు పూడిస్తే కుళ్లుతుంది. పాదుకూ పాదుకూ కనీసం గజం ఎడం ఉండాలి, తీగ పాకడానికి ఇంకా జాగా విడవాలి. మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక ఒకసారి, జనవరి, ఫిబ్రవరిలో మరోసారి పెట్టుకోవచ్చు.

పువ్వులు రాలుతున్నాయని భయపడవద్దు. గుమ్మడికి ముందు వచ్చేవి మగపువ్వులు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. తేనెటీగలు తక్కువైతే పొద్దున్నే మగపువ్వు తెంపి దాని పుప్పొడిని ఆడపువ్వుకు అద్దండి.

ఈ గుమ్మడి మన దేశంలో పుట్టింది కాదు. అమెరికా ఖండాల నుంచి వచ్చింది. మెక్సికోలో దాదాపు పదివేల ఏండ్ల కిందటే గుమ్మడి జాతిని సాగు చేసినట్టు ఆధారాలు దొరికాయి. అంత దూరం నుంచి గింజ చేతులు మారుతూ మన పెరడు దాకా వచ్చిందంటే, దాచి పెట్టిన చేతులే కారణం. హైబ్రిడ్ కాయ గింజ దాచినా తల్లి గుణం రాదు. నాటు రకం గింజ అయితే దాచుకోవచ్చు. తేనెటీగలు వేరే రకం పుప్పొడి తేకుండా, విచ్చుకోబోయే మగ, ఆడ పువ్వులకు ముందురోజు సాయంత్రమే దారం కట్టి, మర్నాడు మీ చేత్తో అద్ది, మళ్లీ కట్టేయండి.

ఇక నా మనవి. మృగశిరకు ముందే సంఘం ఆవరణలో ఒక నారుమడి పోద్దాం. ప్రతి ఇంటి నుంచి పది పాల ప్యాకెట్లు తెండి. మట్టి నింపే పని మా బడి పిల్లలది. మొదటి నారు ముగ్గురు నలుగురు పిల్లలతో ఒంటరిగా ఉన్న ఇండ్లకు ఇద్దాం. కాయ కాసినవారు డబ్బు ఇవ్వనక్కర లేదు, పిడికెడు గింజలు తిరిగి ఇస్తే చాలు. సందేహం వస్తే గడ్డిపల్లిలోను, కంపాసాగర్‌లోను కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి, పోయి అడగవచ్చు.

ఆ ఖాలా ఇంటికి ఈసారి పరీక్ష చేసిన గింజలే పంపుదాం. మొలిచిన రోజు ఆమె చేతికి బర్కత్ ఉందో లేదో ఆమే చెబుతుంది.

సెలవు. ఖుదా హాఫిజ్.