ఒక్క నేలమీద పెక్కు కాపురములు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల పెద్దలకు భూమి లెక్కలు క్రొత్తవి కావు. ప్రతి గ్రామమునను ఒకటవ సర్వే నంబరున్నది. గ్రామములో కూర్చుండి “ఒకటవ నంబరు చెలక” అనిన చాలును, ఎవ్వరును పొరపడరు. తహసీలు కచ్చేరికి పోయి అదే మాట యనినచో గుమాస్తా వెంటనే “ఏ గ్రామము?” అని యడుగును. నంబరు అబద్ధము కాదు. అది చెల్లు హద్దు వేరు. ఈ చిన్న సంగతిని మనస్సునం దుంచుకొనిన, నేడు నేను చెప్పబోవు కంప్యూటరు విషయము సగము తెలిసినట్లే.

మన భూముల పత్రములు, వృద్ధుల పింఛనులు, పిల్లల మార్కులు ఇప్పుడు కంప్యూటర్లలో నున్నవి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్రమును కొనుట వ్యయప్రయాసములతో గూడినది. అందుచేత ఒకే యంత్రమున పది యిరువది పనులు కాపురముండును. ఒకదాని గుట్టు వేరొకదానికి తెలియకుండ, ఒకదాని జబ్బు వేరొకదాని కంటకుండ కాపాడు టెట్లు? ఇదియే ప్రశ్న.

నేను కొంతకాల మొక విద్యాసంస్థవారి యంత్రమును కనిపెట్టుకొని యుంటిని. దానికి గద్వాలలో నొకటి, వనపర్తిలో నొకటి, నాగర్‌కర్నూలులో నొకటి శాఖలుండెను. మూడు శాఖల లెక్కలకు మూడు ప్రోగ్రాములు. ఒకే అచ్చున పోసినవి గనుక మూడును 8080 అను పోర్టే కావలెననెను. పోర్టనగా బయటి మాట లోనికి వచ్చు ద్వారమునకు పెట్టిన సంఖ్య. మొదటిది ద్వారమును ఆక్రమించెను; రెండవది వచ్చి, చోటు లేదని పడిపోయెను; మూడవదియు నంతే. ఒక గ్రామమున ముగ్గురు ఒకటవ నంబరు పట్టా కోరినట్లయ్యెను.

దీనికి తరుణోపాయము కెర్నెల్‌లో నున్నది. కెర్నెల్ అనగా విత్తులోని పప్పు అని అర్థము. యంత్రముయొక్క జ్ఞాపకశక్తిని, గణనశక్తిని, తంతులను తన చేతిలో నుంచుకొని, ఏ ప్రోగ్రామున కేది కావలసినను తానే యిచ్చు నట్టి మూలభాగ మది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నెల్ నేడు లోకమందలి పెద్ద యంత్రములలో చాలవాటిని నడుపుచున్నది. అది ఒక ప్రోగ్రామునకు పరిసరములను చూపునపుడు, ఉన్నదంతయు చూపక, దాని హద్దులోని దానినే చూపగలదు. ఈ హద్దునకు నేమ్‌స్పేస్ అని పేరు. పేరు చెల్లు సీమ యని మనము చెప్పుకొనవచ్చును.

ఈ యూహ ఒక్కనాటిది కాదు. 1979 నాటి యూనిక్స్‌లోనే ఒక ప్రోగ్రామునకు ఒక్క గదిని మాత్రము చూపి, ఇదియే లోకమని నమ్మించు నేర్పుండెను. లినక్స్‌లో 2002లో ఫైళ్ల సీమయు, 2008 జనవరిలో వెలువడిన 2.6.24 అను కూర్పున పనుల సంఖ్యల సీమయు చేరినవి. నెట్‌వర్కు సీమ యా కూర్పుననే మొలకెత్తి, మరుసటి సంవత్సరమునకు ఎదిగినది. 2013లో డాకర్ అను సాధనము వెలువడి, ఈ సీమలన్నింటిని ఒక్క మూటగా గట్టి సులభముగా నడుపు మార్గము చూపెను. ఆ మూటకే కంటైనరని వ్యవహారము.

పనుల సంఖ్యల సీమ మన సర్వే నంబరు వంటిదే. నడచుచున్న ప్రతి పనికిని కెర్నెల్ ఒక సంఖ్య నిచ్చును. క్రొత్త సీమలో మొదట పుట్టిన పనికి సంఖ్య 1. అది ఆ యింటి యజమాని. అది పోయిన ఆ యిల్లంతయు పోవును. కాని బయటినుండి చూచువానికి అదే పని వేరొక సంఖ్యతో కనబడును. లోపలివానికి బయటిది కానరాదు. బయటివానికి లోపలిది కానవచ్చును. కెర్నెల్ మూలపాఠమున ఈ భాగముపై 2007వ సంవత్సరముతో ఇద్దరి పేర్లున్నవి: ఒకరు పావెల్ ఎమెల్యానోవ్, రెండవవారు ఐ.బి.ఎం. సంస్థకు చెందిన సుకదేవ్ భట్టిప్రోలు. జూరాల దాటి, సోమశిల దాటి పోవు మన కృష్ణ సముద్రమును సమీపించు ప్రాంతమున, ప్రాచీన బౌద్ధస్తూపము గల గ్రామము పేరు భట్టిప్రోలు. ఆ పేరచ్చట చదివిననాడు నాకు కలిగిన సంతోషమును దాచుకొనలేను.

ఇక నెట్‌వర్కు సీమ. క్రొత్తగా పుట్టిన నెట్‌వర్కు సీమ తలుపులు లేని యిల్లు. తనతో తాను మాటలాడుకొను దారి యొక్కటి యుండును. అదియు మొదట మూసియే యుండును. దానికి దారులు వేరు, ద్వారముల సంఖ్యలు వేరు, కాపలా నియమములు వేరు. కనుకనే మూడిండ్లలోను 8080వ ద్వారము నిరాటంకముగా నుండవచ్చును. బయటి లోకముతో సంబంధమునకై రెండు మూతుల గొట్టము వంటి దొకటి కల్పింతురు. దానికి వెత్ జత యని పేరు. ఒక మూతి ఇంటిలోపల, రెండవది వెలుపల; ఇటు వేసిన దటు వచ్చును. వెలుపలి మూతులన్నియు నడివీధి వంటి యొక వంతెనకు చేర్తురు. లోపలినుండి పోవు ఉత్తరముపై ఇంటి చిరునామాను మార్చి యంత్రముయొక్క చిరునామా వ్రాయుట, జవాబు వచ్చినపుడు అది యెవరిదో చూచి లోనికందించుట కెర్నెల్ చేయు పనియే. నేనును ఇట్లే చేసితిని. మూడు శాఖలకు మూడు సీమలు కల్పించి, వెలుపల 8081, 8082, 8083 సంఖ్యలుంచి, ఒక్కొక్కదానిని లోపలి 8080కి చేర్చితిని. తగవు తీరెను. తీరెననియే అనుకొంటిని.

పరీక్షా ఫలితముల నాటి రాత్రి ఒక శాఖ ప్రోగ్రాము దోషమువలన యంత్రపు జ్ఞాపకస్థానమును త్రాగుట మొదలుపెట్టెను. గోడ లున్నవి గదా యని నేను నిశ్చింతగా నిద్రించితిని. కెర్నెల్ గత్యంతరము లేక కొన్ని పనులను చంపివేసెను. తెల్లవారుసరికి మూడు శాఖలును పడియుండెను. పిల్లలు, తలిదండ్రులు ఎండలో నిలిచిరి. తప్పు నాది. నేను పేర్లు వేరుచేసితిని గాని వాటాలు వేరుచేయనైతిని. గోడ చూపును ఆపును, ఆకలిని ఆపదు.

వనపర్తి సీమలో సప్తసముద్రములని పేరొందిన చెరువు లున్నవి. చెరువున్నంత మాత్రమున ఆయకట్టు పండదు. తూము దగ్గర నీరడి యుండి, ఎవరి మడి కెంత నీరో విడువవలెను. కెర్నెల్‌లో నీరడి పని చేయునవి కంట్రోల్ గ్రూపులు. గూగుల్ యింజనీర్లు 2006లో మొదలిడిన యీ పని 2.6.24 కూర్పున చేరెను. జ్ఞాపకస్థానమునకు హద్దు కట్టు భాగము కొలది నెలలకే, తరువాతి కూర్పున, కూడెను. నాటి మరునాడే మూడిండ్లకును వాటాలు కట్టితిని. తరువాత ఒకటి తన వాటా మించి త్రాగబోయి తానే పడెను. తక్కిన రెండును నిలిచెను.

మూడవ మాట యొకటి మిగిలినది. అది అన్నింటికంటె బరువైనది. సంస్థానముల కాలపు మాటలు మీ పెద్దల నోట మీరు వినియుందురు. గద్వాల సంస్థానమునకు తన నాణెముండెను. గద్వాల, వనపర్తి ప్రభువులు తమ తమ సీమలలో శిస్తు వసూలు చేసికొని, పాలన నడపుకొనిరి. కోటలోపలివానికి ప్రభువే సర్వము. కాని అందరిమీదను నిజాము ప్రభుత్వ మొక్కటి యుండెను. 1948 సెప్టెంబరులో ఆ పైప్రభుత్వమే కూలెను, 1949లో జాగీర్లు రద్దయ్యెను. అప్పుడే కోటగోడయు దేనిని ఆపలేదు. కంటైనర్లును అట్టివే. ఇండ్లు వేరైనను వాటి క్రింది నేల, అనగా కెర్నెల్, ఒక్కటే. ఆ నేలలో కన్నము పడినచో దొంగ ఏ యింటనైనను తేలవచ్చును. కన్నమొక్కొకప్పుడు ఇండ్లు కట్టు సాధనములోనే యుండును. 2019 ఫిబ్రవరిలో, కంటైనర్లను నడుపు రన్‌సీ అను సాధనమున నొక లోపము బయలుపడెను. లోపలి దుష్ట ప్రోగ్రాము సర్వాధికారముతో నడచుచున్నచో, వెలుపలి ఆ సాధనమునే చెరిపి తన పాఠము వ్రాసి, యంత్రమంతటిని వశపరచుకొనగలిగెడిది. లోకమంతటను పాలకులు పరుగున దానిని పూడ్చుకొనిరి. కనుక లోపలివానికి అక్కరకు మించిన అధికార మీయరాదు. ఎరుగని వారిని కాపురముంచవలసి వచ్చినచో వేరు నేలయే, అనగా వేరు కెర్నెల్ గల వర్చువల్ మెషీనే, యిచ్చుట మేలు. అది కొంత వ్యయమైనను సరియే.

పెద్దలారా! యంత్రములను మీరు నడపనక్కరలేదు. కాని మీ యూరి సంఘమువారో, బడివారో మీ లెక్కలను యంత్రమున దాచునపుడు మూడు ప్రశ్నలు మీ రడుగవచ్చును. మా లెక్కలకు హద్దు వేరుగా నున్నదా? మా వాటా మాకు నిలుచునా? మా పొరుగువాని కెంత అధికార మిచ్చితిరి? నేను మొదటి ప్రశ్న నొక్కదానినే అడుగుకొని, రెండవదానిని మరచి, పిల్లలను ఎండలో నిలువబెట్టితిని. హద్దురాయి పాతిన వెంటనే పొలము పండునని ఏ రైతును అనుకొనడు. ఆ రైతు వివేకమే ఇచ్చటను కావలెను.